పింఛను ఇంటికొస్తుంది, డాక్టరూ వస్తారు.. మంచం మీద నుంచి లేపడం ఎవరు నేర్పాలి?

నెల మొదటి తారీఖు. సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి, మంచం మీదున్న మనిషి వేలిముద్ర తీసుకుని, 15 వేల రూపాయలు ఇచ్చి వెళ్తారు. పక్షవాతం వచ్చిన కొందరి విషయంలో ఆ వేలిముద్ర కోసం బిగుసుకున్న పిడికిలిని ఇంట్లోవాళ్లు ఒక్కో వేలూ విప్పాల్సి వస్తుంది. ఆ పిడికిలి ఎందుకు అలా అయింది, కాకుండా చూసే వీలుందా అని మాత్రం ఎవరూ అడగరు. అడగడం ఆ ఉద్యోగి పని కాదు. మరి ఎవరి పని?

ఈ ప్రశ్న అడగడానికి పల్నాడు జిల్లా సరైన చోటు. 'మీ గడప దగ్గరికే సేవ' అనే మాటను ఇద్దరు ముఖ్యమంత్రులు ఈ జిల్లా నుంచే చెప్పారు. 2023 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్‌మోహన్ రెడ్డి చిలకలూరిపేట నియోజకవర్గంలోని లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. 104 వాహనంలో డాక్టరు ఊరికి రావడం, పొద్దున ఓపీ చూడటం, మధ్యాహ్నం మంచాన పడినవాళ్ల ఇళ్లకు వెళ్లడం దాని ఉద్దేశం. 2024 డిసెంబర్ 31న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నరసరావుపేట మండలం యల్లమందలో ఇళ్లకు వెళ్లి ఎన్టీఆర్ భరోసా పింఛన్లు అందించారు. కొత్త సంవత్సరం కావడంతో ఒకరోజు ముందే ఇచ్చారు.

అంటే డబ్బు గడప దాటి లోపలికి వచ్చింది. డాక్టరూ వచ్చారు. ప్రభుత్వం మారినా 104 వాహనాలు ఊళ్లకు వస్తూనే ఉన్నాయి. రానిది ఒక్కరే. మంచం మీదున్న మనిషి చేతిని ఎలా కదపాలో, మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో ఇంట్లోవాళ్లకు చేసి చూపించే థెరపిస్టు.

కీలు ఎందుకు బిగుసుకుంటుంది?

పక్షవాతం వచ్చిన చేతిని కదపకుండా వదిలేస్తే కండరాలు పొట్టివవుతాయి. కీలు చుట్టూ ఉండే పొర గట్టిపడుతుంది. మోచేయి ముడుచుకుంటుంది, వేళ్లు అరచేతిలోకి దిగుతాయి, పాదం కిందికి వాలిపోతుంది. డాక్టర్లు దీన్ని కాంట్రాక్చర్ అంటారు. దీనికి ఏళ్లు పట్టవు, వారాల్లోనే మొదలవుతుంది. ఒకసారి గట్టిపడ్డాక చొక్కా తొడగడం, చంక కడగడం, గోళ్లు తీయడం లాంటి చిన్న పనులే పెద్ద యుద్ధాలవుతాయి. గోళ్లు అరచేతిలో గుచ్చుకుని పుండ్లు పడిన కేసులు థెరపిస్టులకు కొత్త కాదు.

మన ఇళ్లలో ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. కాళ్లు నొప్పి అంటున్నారని మోకాళ్ల కింద ఎత్తుగా దిండు పెట్టి రోజంతా అలాగే ఉంచేస్తాం. అప్పటికి హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు ఆ వంపులోనే స్థిరపడితే, రేపు ఆ మనిషిని నిలబెట్టాలంటే కాలు చాపుకోదు.

ఇక్కడే రేంజ్ ఆఫ్ మోషన్ వ్యాయామాలు అనే మాట వస్తుంది. పేరు పెద్దదే గానీ విషయం తేలిక. ఒక్కో కీలు సహజంగా ఎంత మేర తిరగాలో అంత మేరా తిప్పడం. రోగి తనంతట తాను చేయగలిగితే చేయనివ్వడం, సగం చేయగలిగితే మిగతా సగానికి సాయం పట్టడం, అసలు చేయలేకపోతే మనమే తిప్పడం. చాలా ఇళ్లలో మొదటి రెండూ ఎగిరిపోయి మూడోదే మిగులుతుంది. "పాపం, ఆయనేం చేయగలరు" అని చేయగలిగిన సగం కూడా మనమే చేసేస్తాం.

చేసేటప్పుడు కీలుకు పైనా కిందా రెండు చేతులతో ఆనించి పట్టుకోవాలి. నిదానంగా, బిగువు తగిలేదాకా తీసుకెళ్లి, కొన్ని సెకన్లు ఆపి, వెనక్కి తేవాలి. నొప్పితో ముఖం చిట్లిస్తే అక్కడ ఆగాలి. గుంజకూడదు. అన్నింటికంటే జాగ్రత్త భుజం దగ్గర. పడిపోయిన చేతివైపు భుజంలో కండరాల పట్టు ఉండదు కాబట్టి ఆ కీలు సులువుగా జారుతుంది. ఆ చెయ్యి పట్టుకుని మనిషిని పైకి లాగడం, చెయ్యిని బలవంతంగా తల మీదికి ఎత్తడం, తలుపుకు కప్పీ కట్టి తాడుతో లాగించడం.. ఈ మూడూ భుజాన్ని పాడుచేస్తాయి. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే వ్యాయామం ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. అది లోపలి నరంలో రక్తం గడ్డకట్టిన లక్షణం కావచ్చు.

'అందరికీ ఒకటే వ్యాయామం' ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు కొందరికి వేళ్లు పనిచేయవు గానీ మణికట్టును పైకి ఎత్తగలరు. అలా ఎత్తినప్పుడు వేళ్లు వాటంతట అవే కాస్త ముడుచుకుంటాయి. ఆ కాస్త ముడుపుతోనే వాళ్లు చెంచా పట్టుకోగలరు. ఇంట్లోవాళ్లు మంచి చేస్తున్నామనుకుని మణికట్టునూ వేళ్లనూ ఒకేసారి వెనక్కి సాగదీస్తూ పోతే ఆ పట్టు పోతుంది. యూట్యూబ్ వీడియో ఈ తేడా చెప్పదు. మనిషిని చూసిన థెరపిస్టు చెబుతారు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. కీళ్లు సాగదీయడం ఒక్కటే చాలదు. సాగదీత మీద జరిగిన 49 అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2017లో వచ్చింది. నరాల జబ్బులున్నవారిలో ఏడు నెలల లోపు చేసే సాగదీత వల్ల కీలు కదలికలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని అది తేల్చింది.

అదే ఏడాది మన దేశంలో జరిగిన అటెండ్ అధ్యయనం ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులను తీసుకున్నారు. సగం మంది ఇళ్లలో కుటుంబ సభ్యులకే శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత పునరావాస వ్యాయామాలు చేయించారు. మిగతా సగానికి మామూలుగా అందే వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు వైపులా 47 శాతమే.

అయితే ఇదంతా దండగా? కాదు. ఈ ఫలితాలను నేను ఇంకోలా చదువుతాను. ఇంట్లోవాళ్లకు నాలుగు వ్యాయామాలు నేర్పేసి 'ఇక మీరే చూసుకోండి' అంటే సరిపోదని అవి చెబుతున్నాయి. థెరపిస్టుల కొరతను కోడళ్ల చేత, భార్యల చేత పూడ్చలేం. చెయ్యిని పదిసార్లు ఎత్తి దించి మళ్లీ మంచం మీదే పెట్టేస్తే చెయ్యికి పని దొరకదు. కూర్చోబెట్టి, ఆ చేతిని పళ్లెం పక్కన ఆనించి, మిగిలిన చేత్తో అన్నం కలుపుకోనిస్తే అది వేరు. ఆక్యుపేషనల్ థెరపీ మూల సూత్రం ఇదే. ఫిజియోథెరపీ ప్రధానంగా బలం, నడక చూస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ స్నానం, చొక్కా, భోజనం, దొడ్డికి వెళ్లడం చూస్తుంది. మన వైపు రెంటినీ కలిపి 'ఫిజియో' అనేస్తాం, ఇంకొందరు 'కరెంటు పెట్టించడం' అంటారు. ఈ వృత్తి మనకేమీ కొత్త కాదు. 1950లోనే ముంబయి కేఈఎం ఆస్పత్రిలో కమలా నింబ్కర్ దీని శిక్షణ ప్రారంభించారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం దీన్ని విడి వృత్తిగా గుర్తించింది.

తొందర కూడా మంచిది కాదు. అయిదు దేశాల్లో 2,104 మందిపై జరిగిన అవర్ట్ అధ్యయనం 2015లో వచ్చింది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువెక్కువగా లేపి నిలబెట్టినవారిలో ఫలితం మెరుగుపడకపోగా కాస్త తగ్గింది. మొదటి రోజు ఎంత కదపాలన్నది డాక్టరు నిర్ణయించాలి. ఆ తర్వాతి వారాల్లో మాత్రం నాటు మందుల కోసం, పావురం రక్తం పూయించడం కోసం ఊళ్లు తిరుగుతూ గడిపే ప్రతి రోజూ నష్టమే.

మంచం నుంచి కుర్చీకి: రెండడుగుల దూరం

వ్యాయామం కన్నా ఎక్కువ ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే. మంచం పక్కనే చక్రాల కుర్చీ ఉంటుంది. దుమ్ము పట్టి, దాని మీద బట్టలు వేసి ఉంటాయి. ఎందుకంటే అందులోకి మార్చడం ఎవరికీ రాదు. ఒకసారి ప్రయత్నించారు, ఇద్దరూ కింద పడ్డారు, మళ్లీ ముట్టుకోలేదు.

ఎత్తడమే మార్గం అనుకోవడం అసలు చిక్కు. ఆస్పత్రి సిబ్బంది రోగులను చేతులతో ఎత్తేటప్పుడు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు మించకూడదని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్క. మన ఇళ్లలో 60 కిలోల మనిషిని 50 కిలోల ఇల్లాలు ఎత్తుతోంది. పొద్దున మిరపకోతకు వెళ్లొచ్చి, సాయంత్రం ఈ పని. ఆమె నడుము పడిపోతే ఆ ఇంట్లో మంచాలు రెండవుతాయి.

సరైన పద్ధతిలో ఎత్తడం ఉండదు, తిప్పడం ఉంటుంది. రోగికి బలం ఉన్న వైపు కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించి పెట్టాలి. రెండు చక్రాల బ్రేకులూ వేయాలి. కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. రోగిని మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా, మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టించాలి. నడుముకు గట్టి తువ్వాలు కట్టి దాన్ని పట్టుకోవాలి. చంకల్లో చేతులు పెట్టి గుంజకూడదు, మీ మెడను రోగి పట్టుకోకుండా చూసుకోవాలి. మీ మోకాళ్లతో రోగి బలహీనమైన మోకాలికి అడ్డు పెట్టాలి. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. రోగి ముందుకు బాగా వంగాలి. మనుషులకు ఇదే నమ్మశక్యంగా ఉండదు. లేవాలంటే వెనక్కి కాదు, ముక్కు మోకాళ్లు దాటేంత ముందుకు వంగాలి. మీరు కుర్చీలోంచి లేచేటప్పుడు ఒకసారి గమనించండి, మీరూ అదే చేస్తారు. పిరుదులు పైకి లేవగానే బలమున్న కాలి మీద తిరిగి, కుర్చీ అంచు కాళ్ల వెనక తగిలాక మెల్లగా కూర్చోబెట్టాలి.

చదవడానికి ఇది సులువుగానే ఉంది. మొదటిసారి మాత్రం థెరపిస్టు పక్కన లేకుండా చేయకండి. రెండు కాళ్లలోనూ బలం లేనివారికి, తుంటి ఆపరేషన్ అయినవారికి ఈ పద్ధతి వర్తించదు. పలక మీద జరిపే విధానం వేరుగా ఉంది.

ఇంటి సంగతి కూడా చూడాలి. మాచర్ల, దాచేపల్లి వైపు ఇళ్లలో నాపరాళ్ల గచ్చు ఉంటుంది. తడిస్తే కాలు జారుతుంది. నులక మంచం, నవారు మంచం మధ్యలో గుంత పడతాయి. అంచున కూర్చుంటే పట్టె తొడలకు ఒత్తుకుంటుంది, లేవడం కష్టం. గట్టి పరుపున్న మంచం, దాని ఎత్తు కుర్చీ ఎత్తుకు సరిపడేలా కాళ్ల కింద కదలని దిమ్మలు.. ఈ మార్పుకు వేలు ఖర్చు కాదు. గడప దాటించే చిన్న వాలు పలక, మరుగుదొడ్డి గోడకు ఒక కడ్డీ కూడా అంతే. కానీ ఏది ఎక్కడ కావాలో ఇంటికొచ్చి చూసినవాళ్లే చెప్పగలరు.

కుర్చీ విషయంలోనూ అంతే. కేంద్రం అమలు చేసే ఏడీఐపీ పథకంలో దివ్యాంగులకు, రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో 60 ఏళ్లు దాటిన పేదలకు చక్రాల కుర్చీలు ఇస్తారు. వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. తీసుకునేటప్పుడు మీరు ఒక్క ప్రశ్న అడగండి: చేతులు ఆనించుకునే కడ్డీలు ఊడి వస్తాయా? అవి బిగించి ఉంటే పక్కకు జరిపి మార్చడం కుదరదు. క్యాంపులో ఫొటో దిగేటప్పుడు ఎవరికీ ఈ సంగతి గుర్తుండదు.

ప్రభుత్వం ఏం చేయాలని రాసుకుంది?

కాగితం మీద ఇది లేదనుకోకండి. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం చూడండి. జిల్లా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగం ఉండాలి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో పునరావాస కార్యకర్త ఉండాలి, మంచాన పడిన వృద్ధుల ఇళ్లకు ఆ కార్యకర్త వెళ్లాలి. ఉప కేంద్రం సిబ్బంది ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ అందులో రాసే ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాస సేవల గురించి చెబుతుంది. ఎక్కువ ఆసరా అవసరమైనవారి సంరక్షకులకు భత్యం అనే మాట 24వ సెక్షన్‌లో ఉంది.

ఇంటికి థెరపిస్టును పంపడం చేతకాని పని కూడా కాదు. పొరుగున తెలంగాణలో పాలియేటివ్ కేర్ కేంద్రాల నుంచి 'ఆలన' వాహనాలు ఇళ్లకు వెళ్తాయి, ఆ కేంద్రాల బృందంలో ఫిజియోథెరపిస్టు ఉంటారు. కేరళ 2008లోనే దీనికి విధానం ప్రకటించి పంచాయతీల చేతికి అప్పగించింది. అంత దూరం ఎందుకు, మన దగ్గరే సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఫిజియోథెరపీ అందిస్తున్నారు. మండలానికి ఒక థెరపిస్టు వెళ్లే ఏర్పాటు పిల్లల కోసం సాధ్యమైతే, వాళ్ల తాతల కోసం ఎందుకు కాదు? 104 వాహనం ఎలాగూ ఊరికి వస్తోంది. అందులో ఒక సీటు చాలు.

ఎందుకంటే ఇక్కడ దూరమే సగం జబ్బు. మాచర్ల నుంచి గుంటూరు సర్వజనాస్పత్రికి సుమారు 130 కిలోమీటర్లు. మంచం మీద నుంచి కుర్చీకి మార్చలేని మనిషిని కారులోకి ఎక్కించి, వారానికి మూడు సిట్టింగులకు అంత దూరం తిప్పమనడంలో అర్థం లేదు.

లేచి కూర్చుంటే పింఛను పోతుందా?

ఇది చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15 వేలు. తేడా నెలకు 9 వేలు, ఏడాదికి లక్షా 8 వేలు. 2025 మొదట్లో ఈ 15 వేల కేటగిరీవాళ్ల ఇళ్లకు వైద్య బృందాలు వెళ్లి తనిఖీ చేశాయి. ఆగస్టులో నోటీసులు వచ్చాయి, గగ్గోలు పుట్టింది. అప్పీలుకు అవకాశం ఇచ్చారు. అనర్హులను ఏరడం తప్పని నేను అనను. కానీ మంచం మీదున్న మనిషి దగ్గరికి ప్రభుత్వం వైద్య బృందాన్ని పంపింది వికలాంగత ఎంతో కొలవడానికి. తగ్గించడానికి కాదు. పైగా కాస్త లేచి తిరిగితే తొమ్మిది వేలు పోతాయన్న భయం ఆ ఇంట్లో వ్యాయామానికి ఎలాంటి ఉత్సాహాన్నిస్తుందో ఊహించండి.

ఒక్క విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకోండి. ఆ 15 వేల పింఛను అర్హతలో 'మంచం' ఒక్కటే లేదు, 'చక్రాల కుర్చీ' కూడా ఉంది. ఇంకొకరి సాయంతో మంచం నుంచి కుర్చీలోకి మారడం నేర్చుకున్నంత మాత్రాన ఆ అర్హత పోదు. ఆ భయంతో మనిషిని మంచానికే వదిలేస్తే వచ్చేవి ఒత్తిడి పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. నోటీసు వస్తే ఎంపీడీఓ దగ్గర, పట్టణంలో అయితే మునిసిపల్ కమిషనర్ దగ్గర అప్పీలు చేసుకోండి. రోజూ ఎవరు లేపుతున్నారు, ఏ పనికి ఎంత సాయం కావాలన్నది థెరపిస్టు చేత రాయించుకున్న కాగితం ఉంటే జత చేయండి. 'పక్షవాతం' అన్న ఒక్క మాట కన్నా అది మీ పరిస్థితిని బాగా చెబుతుంది.

మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి, అమ్మానాన్నలు గురజాల దగ్గరి ఊళ్లో ఉంటే, ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసే రోజే మీకు దొరికే మంచి అవకాశం. మందుల చీటీ తీసుకుని బయల్దేరకండి. ఏ కీళ్లు ఎంత మేర తిప్పాలి, ఏది తిప్పకూడదు, ఎలా పడుకోబెట్టాలి, ఎంతసేపటికి పక్కకు తిప్పాలి, కుర్చీలోకి ఎలా మార్చాలి అని థెరపిస్టును అడగండి. ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు లేకపోతే ఫిజియోథెరపిస్టునే అడగండి. చేసి చూపించమనండి, ఫోన్‌లో వీడియో తీయండి. తీసేటప్పుడు థెరపిస్టు చేస్తున్నది కాదు, ఇంట్లో రోజూ లేపబోయేది ఎవరో వాళ్లు చేస్తుంటే థెరపిస్టు పక్కన నిలబడి సరిదిద్దుతున్నది తీయండి. ఆ అమ్మకో, ఆ వదినకో మూడో రోజు సందేహం వచ్చినప్పుడు తన చేతులే తెర మీద కనిపించాలి.